విడుపు లేని చుట్టు

రోజు 141. వేగం: నిమిషానికి 14 లాగుళ్ళు. గాయాలు: ఒకటి.

దాలయ్య కుడిచేతి వేళ్ళు రెండు కప్పీలో నలిగి తెగిపోయాయి. చిటికెన వేలు, దాని పక్కది. ఒకటి ఇసుకలో దొరికింది, రెండోది దొరకలేదు.

గాయాల గడిలో 'అజాగ్రత్త' అని రాస్తే సరిపోతుందని ఆఫీసు గుమాస్తా చెప్పాడు. రాయలేదు. ఈ చిట్టా రాయాల్సింది జట్టుకి తాళం ఇచ్చే తాళగత్తె, అంటే నేను, గుమాస్తా కాదు. పైగా సగం తప్పు నాదే.

పొద్దున్నే ఓడ పక్క రేకు ఒకటి కోసి కింద పడేశారు. మా గుడిసె ఎంత ఉంటుందో అంత రేకు. దాన్ని ఇసుక మీదుగా బండి దాకా లాగాలి. నలభై మంది లాగుడు చొక్కాలు తొడుక్కుని తాడు పట్టుకున్నారు. నేను రోజూలాగే బోర్లించిన పడవ మీద కూర్చుని ఫోన్లో చుట్టు కట్టడం మొదలుపెట్టాను. ముందు చెక్క గరిటెతో రేకు మీద ఒక దెబ్బ. అది మొదటి పొర. యాప్‌లో గుండ్రం మీద నుంచి వేలు తీయగానే ఆ దెబ్బ తిరిగి తిరిగి అదే వినిపిస్తుంటుంది. దాని మీద గొలుసు గలగల, రెండో పొర. దాని మీద నా గొంతు: "ఓ... లాగు." ఆ తర్వాత ఏమీ ఉండదు. దాన్ని విడుపు అంటాం. లాగిన మనిషి ఒక్క ఊపిరి తీసుకుని చేతులు సర్దుకునేంత ఖాళీ. ఆ ఖాళీని వేలితో పట్టి ఉంచేది నేనే. ఎవరైనా తూలితే ఇంకాస్త సాగదీస్తాను.

చొక్కాలకి తాళం నా ఫోన్ నుంచి అందుతుంది. గరిటె దెబ్బ పడగానే నలభై చొక్కాలూ ఒక్కసారి బిగుసుకుని చేతుల్ని రొమ్ము వైపు లాగుతాయి. ఒక్కో మనిషి ఐదుగురి బరువు లాగుతాడు. అయితే లోపలి మనిషి ఏం చేస్తున్నాడో చొక్కాకి తెలియదు. అది చూడాల్సింది నేను. దాలయ్య తాడు జారిందని కప్పీలో చెయ్యి పెట్టాడు. సరిగ్గా అప్పుడే నేను నీళ్ళ కుండ వైపు చూశాను. దెబ్బ పడింది.

మా అన్న ఎల్లాజీ ఈ జట్టుకి మేస్త్రీ. తన తలగుడ్డ తీసి దాలయ్య చేతికి చుట్టి, వాణ్ణి నీడకి చేర్చి, అప్పుడు నా దగ్గరికి వచ్చాడు. కేకలేస్తాడనుకున్నాను. పడవ అంచున కూర్చుని మెల్లగా అడిగాడు.

"నీ కళ్ళు ఏడున్నాయే పైడీ?"

కుండ దగ్గరున్నాయని చెప్పాను.

"మా సేతులు నీ కాడున్నాయి. అది మర్సిపోకు."

రోజు 148. వేగం: 16. గాయాలు: లేవు.

సూపరింటెండెంటు ఇందుశేఖరం గారు పిలిపించారు. ఆయన ఆఫీసంటే ఒక ఓడ కెప్టెన్ గది. కోసి తెచ్చి ఇసుక మీద నిలబెట్టారు. గుమ్మం దగ్గర గవరయ్య అనే కాపలావాడు లాఠీతో నా సంచీ తట్టి చూసి లోపలికి పంపాడు. ఇందుశేఖరం గారు నాకు గ్లాసుడు నీళ్ళు ఇచ్చారు. ఉప్పు లేని నీళ్ళు. మేముండే కూలి లైన్లలో వడబోత ఎన్నిసార్లు చేసినా నాలుక మీద ఉప్పు మిగులుతుంది, ఇక్కడ లేదు. సగం తాగి, మిగతాది అన్నకి పట్టుకెళ్ళొచ్చా అని అడిగాను. తీసుకెళ్ళమన్నారు.

గోడ మీద కట్ట పటం ఉంది. సముద్రానికి అడ్డంగా ఓడల ఇనుముతో కడుతున్న కట్ట. తొమ్మిది కిలోమీటర్లు అయింది, రెండున్నర మిగిలింది. నవంబరు వాయుగుండాలకి ముందే పూర్తి కాకపోతే కట్ట వెనకున్న ఎనభై వేల మంది మీదికి నీళ్ళొస్తాయి. ఇదంతా ఆయన నెమ్మదిగా, బళ్ళో పాఠం చెప్పినట్టు చెప్పారు. మేం రోజుకి ఇరవై రేకులు లాగుతున్నాం. ముప్పై కావాలి. వేగం ఇరవై రెండు చెయ్యమన్నారు.

విడుపు ఉంటే ఇరవై రెండు కుదరదని చెప్పాను. విడుపు తీసెయ్యమన్నారు. తీస్తే మనుషులు పోతారని చెప్పాను.

ఆయన పటం మీద ఒక చోట వేలు పెట్టారు. "పోయిన ఏడాది నీళ్ళు వచ్చింది కట్ట లేని చోటు నుంచే అమ్మా. నా కూతురు ఆ వీధిలో ఉండేది" అన్నారు. నన్ను ఒప్పించడానికి అన్నట్టు లేదు. అన్న తర్వాత కళ్ళద్దాలు తీసి చొక్కాకి తుడుచుకున్నారు.

చివరికి విడుపు ఉంచి పదహారు చెయ్యడానికి ఒప్పుకున్నాను. వచ్చే ముందు ఆయన ఒకటి అడిగారు. నా చుట్టు శుభ్రంగా, చుట్టూ చప్పుడు లేకుండా ఒకసారి కట్టి ఆఫీసు రికార్డుకి ఇమ్మన్నారు. అక్కడికక్కడే బల్ల మీద గరిటె కొట్టి, గొలుసు ఊపి, పాడి ఇచ్చాను. పాడుతున్నంతసేపూ గుమాస్తా తల ఊపాడు. బాగా పాడానని నాకూ అనిపించింది. సంతోషంగా ఇచ్చానని ఇక్కడ రాసి పెడుతున్నాను.

రోజు 156. వేగం: నాది 16. నాది కానిది 22. గాయాలు: గడి చాలదు.

మధ్యాహ్నం అన్నం తింటుంటే నా గొంతు నాకే వినిపించింది. నోట్లో ముద్ద ఉంది. అయినా రెండో ఓడ వైపు నుంచి "ఓ లాగు ఓ లాగు" అని నేను పాడుతున్నాను. గొంతు నాదే గాని సన్నగా, తొందరగా, ఎవరో తరుముతున్నట్టు ఉంది. మధ్యలో ఊపిరి లేదు.

రెండో ఓడ జట్టు తాళగత్తె కాన్పుకి వెళ్ళి పది రోజులైంది. నిన్నటిదాకా వాళ్ళు చొక్కాలు లేకుండా చిన్న పనులు చేశారు. చేతులైనా కడుక్కోకుండా పరుగెత్తాను. మా జట్టులో ముందు తాడు పట్టే కొండమ్మ నా వెనకే వచ్చింది. ఫోన్ ఎండలో చార్జింగు పలక మీదే ఉండిపోయింది.

అక్కడ గుంజకి ఒక సౌండు బాక్సు కట్టి ఉంది. తాళం దాన్లోంచి వస్తోంది. ముప్పై ఆరు మంది లంగరు గొలుసుని తాడు కట్టి లాగుతున్నారు. ఒక్కో లంకె మనిషి నడుమంత ఉంది. తాడు జారకుండా అందరూ ముంజేతులకి చుట్టుకుని ఉన్నారు, అందుకని వదిలెయ్యడానికి లేదు. ఆపమని అరుస్తున్నారు. ప్రతి దెబ్బకీ చొక్కా రొమ్ము బిగించేసరికి అరుపు మధ్యలో తెగిపోతోంది. "ఆప్" "ఆప్" అని ముప్పై ఆరు గొంతులు కోరస్ పాడుతున్నట్టుంది.

సింగన్న అప్పటికే కింద పడి ఉన్నాడు. తెలివి లేదు. చేతులు మాత్రం లాగుతూనే ఉన్నాయి. ఒక్కో లాగుడికీ అతని మొహం ఇసుకలో కూరుకుపోతోంది. అతని వెనక మరిడమ్మ. నేను గుంజ దగ్గరికి చేరేలోపు ఆమె ఎడమ భుజం ఊడింది. ఆ చప్పుడు గొలుసు చప్పుడులోంచి కూడా విన్నాను. ఆమె లాగడం ఆగేసరికి వరస వంకర తిరిగి, గొలుసు మర మీద నుంచి జారి వెనక్కి కొట్టింది. మరిడమ్మనీ, ఆమె వెనకున్న తమ్ముడు బండెయ్యనీ ఒకేసారి కొట్టింది. బండెయ్య నడుము దగ్గర రెండయ్యాడు. పెదవులు కాసేపు కదిలాయి. నాకు ఎదురుగా ఉన్నాడు కాబట్టి చూశాను.

రాయితో సౌండు బాక్సు పగలగొట్టాను. మూడు దెబ్బలకి నా గొంతు ఆగింది. నాలుగో దెబ్బ ఎత్తేలోపు గవరయ్య లాఠీ నా వీపు మీద పడింది. కింద పడ్డాక ఇంకో రెండు కొట్టాడు, ఆఫీసు సామాను పగలగొట్టానని తిడుతూ. కొండమ్మ నా మీద బోర్లా పడుకుంటే ఆమెనీ కొట్టాడు.

ముగ్గురు పోయారు. పదకొండు మందికి ఎముకలు విరిగాయి. ఇందుశేఖరం గారు వచ్చారు. శవాల్ని చూసి ఇసుకలో చతికిలబడ్డారు. తర్వాత లేచి, ఇంకో బాక్సు ఎప్పటికి వస్తుందని గుమాస్తాని అడిగారు.

రోజు 157. పని లేదు.

ముగ్గుర్నీ పొద్దున్నే పాతిపెట్టాం. ఇక్కడ నాలుగడుగులు తవ్వితే నీళ్ళొస్తాయి. అందుకని గోతుల్లో ముందు ఉప్పు మూటలు వేసి వాటి మీద పడుకోబెట్టాం.

తిరిగొచ్చాక రెండు జట్లూ చొక్కాలు విప్పి ఆఫీసు ముందు కుప్ప వేశాయి. మేం పని మానుతున్నామని కాదు. ప్రతి ఓడకీ బతికున్న తాళగత్తె ఉండాలి, విడుపు ఉండాలి, అప్పుడే తొడుక్కుంటాం. ఎల్లాజీ గుమ్మం దగ్గర నిలబడి ఇదే చెప్పాడు. ఇందుశేఖరం గారు వాయుగుండం సంగతే మళ్ళీ చెప్పారు. కట్ట వెనక ఉన్నవాళ్ళు కూడా మనుషులే అన్నారు. తెల్లవారేసరికి ఎవరి చొక్కా వాళ్ళు తొడుక్కోవాలి, లేకపోతే తొడిగించాల్సి వస్తుంది అన్నారు. అది చెప్పేటప్పుడు ఆయన గొంతు పెంచలేదు.

"కట్టం అని మావు అన్లేదు బాబూ" అన్నాడు మా అన్న. "ఊపిరి తీసుకుని కడతాం అన్నాం."

నేను సాయంత్రం ఆఫీసు రికార్డు తిరిగి ఇమ్మని అడగడానికి వెళ్ళాను. గవరయ్య గుమ్మం దాటనివ్వలేదు. ఒంటికి కొత్త చొక్కా ఉంది. మా వాటికన్నా మందంగా, మెడ దాకా తాళం వేసి ఉంది. వీపు ఎలా ఉందని నవ్వుతూ అడిగాడు. ఆ నవ్వు గుర్తుంచుకుని వెనక్కి వచ్చాను.

రోజు 158. వేగం: 22, తర్వాత 0, తర్వాత 90.

ఉదయం ఏడు గంటలకి కాపలావాళ్ళు ఇరవై ఇద్దరు బారుగా వచ్చారు. అందరికీ కొత్త చొక్కాలు, చేతుల్లో ఇనప పొన్ను లాఠీలు. ఇళ్ళవాళ్ళతో కలిపి మేం వందమందికి తక్కువ లేం, కాని చేతుల్లో ఏమీ లేదు. ఆడవాళ్ళం ముందు కూర్చున్నాం, కొట్టరని. ఎల్లాజీ వరసకి మధ్యలో నిలబడ్డాడు.

ఆఫీసు కప్పు మీద సౌండు బాక్సు మోగింది. నా గరిటె దెబ్బ, నా గొలుసు, నా గొంతు.

ఇరవై రెండు లాఠీలు ఒకేసారి లేచి ఒకేసారి పడ్డాయి. మనిషి కొట్టే దెబ్బ అయితే ఒకటి గట్టిగా పడుతుంది, ఒకటి తప్పుతుంది. చేతులు అడ్డం పెట్టొచ్చు, పక్కకి తప్పుకోవచ్చు. ఇవి తప్పలేదు. "లాగు" అన్నప్పుడల్లా పడ్డాయి. అడ్డం పెట్టిన చెయ్యి విరిగింది, దాని వెనకున్న తలా పగిలింది. కొండమ్మ దవడ మీద ఒకటి పడింది. నోట్లోంచి పళ్ళు ఇసుకలో ఉమ్మి, లేచి వాళ్ళలో ఒకడి కాళ్ళు పట్టుకుంది. వాడు కిందికి వంగి కొట్టబోయాడు, చొక్కా వంగనివ్వలేదు. దెబ్బ ఎదురుగా ఉన్న ముసలాయన మెడ మీద పడింది. మా అరుపులకి నా పాట వినిపించకుండా పోతుందేమోనని ఎవరో బాక్సు గొంతు పెంచారు.

గవరయ్య ఎల్లాజీని పట్టుకున్నాడు. మొదటి దెబ్బకి అన్న మోకాళ్ళ మీద పడ్డాడు. రెండో దెబ్బకి నుదురు చీలింది. మూడో దానికి ముందుకి ఒరిగిపోయాడు. అయినా గవరయ్య చెయ్యి లేస్తోంది, పడుతోంది.

అప్పుడు నా రొంటిన ఉన్న ఫోన్ తీశాను. తాళం ఆపుదామని కాదు. అన్నని కొట్టేవాణ్ణి ఏదో ఒకదానితో కొట్టాలని చేతికి అందింది తీశాను. తెర వెలిగింది. రోజూ అక్కడ కలిసిన చొక్కాలెన్నో చూపిస్తుంది. మా చొక్కాలన్నీ ఆఫీసు ముందు కుప్పగా, కరెంటు లేకుండా ఉన్నాయి. తెర మీద మాత్రం ఇరవై రెండు అని ఉంది.

కాపలా చొక్కాల్ని కూడా రేవు తాళానికే కట్టారు. రేవులో నా ఫోన్ తెరిచి ఉంటే తాళం నా మాటే వింటుంది. ఆ సంగతి ఆఫీసులో ఎవరికీ గుర్తు రాలేదు.

ఆపు నొక్కాను.

లాఠీలు గాల్లోనే ఆగిపోయాయి. చొక్కాలు వదులై చేతులు కిందికి జారాయి. బాక్సు ఆగి మూలుగులు వినిపించాయి. కాపలావాళ్ళు తమ చేతుల వంక చూసుకున్నారు. ఒకడు లాఠీ కింద పడేశాడు. ఇద్దరు వెనక్కి నడవడం మొదలుపెట్టారు. పది ఊపిరులంత సేపు అలా గడిచింది. అక్కడితో అయిపోయేది. ఈ చిట్టాలో నిజం రాయకపోతే రాసి లాభం లేదు కాబట్టి రాస్తున్నాను: అక్కడితో అయిపోయేది.

నేను అన్న మొహం చూశాను. మొహం అని గుర్తుపట్టేట్టు లేదు. కదల్లేదు. చచ్చిపోయాడనుకున్నాను. పక్కనే గవరయ్య రొప్పుతూ, లాఠీ మళ్ళీ తల మీదికెత్తి నిలబడి ఉన్నాడు. విసిరేద్దామని ఎత్తాడో, కొడదామని ఎత్తాడో నాకు తెలియదు.

చుట్టు మళ్ళీ వదిలి, వేగాన్ని వేలితో కుడికి తోశాను. ఇరవై రెండు. నలభై. తొంభై. విడుపు గుండ్రం మీద వేలు పెట్టి చెరిపేశాను.

తొంభై దగ్గర అది పాట కాదు. గరిటె దెబ్బలు కలిసిపోయి ఒకటే మోత. ఇరవై ఇద్దరూ ఎవరికి వాళ్ళు తమ రొమ్ముల్ని కొట్టుకున్నారు. పట్టుకున్న లాఠీలు వాళ్ళ మొహాలకే తగిలాయి. ముందు మోచేతులు పోయాయి, తర్వాత భుజాలు. మందపు చొక్కాల్లో ఎముకలు విరుగుతుంటే పచ్చి కొమ్మలు విరిచినట్టు వినిపించింది. ఒకడు పరుగెత్తి సముద్రంలోకి వెళ్ళి పడ్డాడు, నీళ్ళలో కూడా చేతులు కొట్టుకుంటూనే ఉన్నాయి. గవరయ్య చేతులు పైకెత్తి ఉన్నాయి కదా, చొక్కా వాటిని కిందికి లాగేటప్పుడు మెడ మధ్యలో ఇరుక్కుంది. మొదటి నాలుగైదు దెబ్బలకే విరిగింది. పడిపోయాక కూడా ఆ ఒళ్ళు ఎగిరెగిరి పడింది.

నేను ఆపలేదు. కొండమ్మ వేలాడుతున్న దవడతో ఇసుకలో పాక్కుంటూ వచ్చి నా చేతిలోంచి ఫోన్ లాక్కుంది.

రోజు 159. పని లేదు. గాయాలు: మా వైపు నలభై ఏడు, వాళ్ళ వైపు ఇరవై ఒకటి. చావులు: మా వైపు ఇద్దరు, వాళ్ళ వైపు ఒకడు.

ఎల్లాజీ చావలేదు. నిన్ననే తెలిసింది, ఎత్తుతుంటే మూలిగాడు. ఎడమ కన్ను పోయింది.

కాపలావాళ్ళనీ మావాళ్ళనీ ఓడ నీడలో పక్కపక్కనే పడుకోబెట్టాం. వేరే నీడ లేదు. ఇందుశేఖరం గారు ఒక్కరే నడిచి వచ్చారు. చొక్కా చేతులు మడిచి, రేకు ముక్కలతో విరిగిన చేతులకి కట్లు కట్టడం మొదలుపెట్టారు. ముందు ఎవరికి కట్టాలని అడగలేదు, ఎవరు దగ్గరుంటే వాళ్ళకి కట్టారు. పది మందికి కట్టేదాకా మావాళ్ళు ఊరుకున్నారు. తర్వాత సింగన్న కొడుకు జోగయ్య వెళ్ళి ఆయన్ని కాలితో తన్ని పడేశాడు. నలుగురు కలిసి ఆయనకి లాగుడు చొక్కా తొడిగారు. ఆయన పెనుగులాడలేదు.

జోగయ్య నా దగ్గరికి వచ్చి వాయించమన్నాడు. కొండమ్మ ఫోన్ నాకు అప్పటికే తిరిగి ఇచ్చేసింది. వాయించనన్నాను. నిన్న వాయించినదానివి ఇవాళ ఎందుకు వాయించవని అడిగాడు. చెంప మీద కొట్టాడు. జుట్టు పట్టి లాగి ఓడ రేకుకేసి నా తల కొట్టాడు. ఫోన్ పొట్ట కింద పెట్టుకుని ముడుచుకుని పడుకున్నాను. చుట్టూ ఉన్నవాళ్ళు వాణ్ణి ఆపలేదు. చాలామంది మొహాల్లో వాడి ప్రశ్నే ఉంది.

ఎల్లాజీ పడుకున్న చోటు నుంచే జోగయ్యని పిలిచాడు. ఆ గొంతు చాలా నీరసంగా ఉండటంతో జోగయ్య వినడానికి నన్ను వదిలి అటు వెళ్ళాల్సి వచ్చింది. మా అన్న వాడి చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకున్నాడు. మాట్లాడింది నాతో.

"నాను యింటానే ఉన్నాను పైడీ. నువ్వు ఆపీసినావు."

అవునన్నాను.

"మరి మల్లీ ఎందుకు మొదలెట్టినావు?"

"నువ్వు సచ్చిపోనావనుకున్నాను."

అన్న మిగిలిన కన్ను మూసుకున్నాడు. "సచ్చిపోయినా సరే" అన్నాడు.

జోగయ్య ఏడవడం మొదలుపెట్టాడు. ఇందుశేఖరం గారి చొక్కా ఎవరు విప్పారో చూడలేదు. మధ్యాహ్నానికి ఆయన మళ్ళీ కట్లు కడుతున్నారు.

సాయంత్రం ఆయన కట్ట కౌన్సిలుకి ఉత్తరం రాసి, పంపే ముందు ఎల్లాజీకి చదివి వినిపించారు. నిమిషానికి పన్నెండు లాగుళ్ళు, విడుపుతో. ప్రతి ఓడకీ తాళగత్తె. జరిగినదానికి ఆయన బాధ్యత ఆయన రాశారు, ఒక వాక్యంలో. నా బాధ్యత నన్నే రాయమన్నారు. పడవ వచ్చినప్పుడు ఈ చిట్టా దానితో పాటు వెళ్తుంది. కౌన్సిలు పడవ వచ్చి నన్ను తీసుకెళ్తుందో లేదో తెలియదు. పన్నెండు లాగుళ్ళతో కట్ట నవంబరుకి పూర్తి కాదని మాత్రం అందరికీ తెలుసు. కిలోమీటరు మిగిలిపోతుందని ఆయన లెక్క. ఆ కిలోమీటరు వెనక ఎవరుంటారని నేను అడగలేదు.

రోజు 161. పని లేదు.

గవరయ్య భార్య వచ్చింది. పేరు తౌడమ్మ. కొండవార ఊరి నుంచి రెండు రోజులు తోపుడు బండి తోసుకుంటూ ఒక్కతే వచ్చింది. నా ఈడే ఉంటుంది. శవాన్ని ఓడ అడుగున ఉప్పులో ఉంచాం. కరెంటు పోయాక చొక్కా తాళం తెరుచుకోలేదు, చొక్కాతోనే ఉంచాల్సి వచ్చింది.

ఆమె దిగి వెళ్ళి చూసింది. మొహం మీది ఉప్పు కొంగుతో తుడిచింది. పైకి వచ్చి, గుంపుగా నిలబడ్డ మా వైపు తిరిగి, తన భర్తని చంపిందెవరని అడిగింది. మా అన్న చెయ్యి నా చెయ్యి మీద పడింది. అది తీసేసి ముందుకి వెళ్ళాను.

"నానే" అన్నాను.

కొడుతుందనుకున్నాను. కొడితే బావుండును అనుకున్నాను. ఆమె నా చేతుల వంక చూసి, దేనితో చంపావని అడిగింది. ఫోన్ చూపించాను. ఆమెకి అర్థం కాలేదు. చుట్టు అంటే ఏమిటో, చొక్కా ఎలా బిగుస్తుందో చెప్పాను. చెబుతుంటే మధ్యలో ఆపింది.

"యినిపించు."

వద్దన్నాను. ఆమె నా ముందు ఇసుకలో కూర్చుంది. వినకుండా వెళ్ళనంది. కరెంటు ఉన్న చొక్కా ఒక్కటి కూడా రేవులో లేదని రెండుసార్లు చూసుకుని, తొంభై మీద పెట్టి వదిలాను. ఆ మోత వినగానే మావాళ్ళలో ఒకరిద్దరు తలలు చేతులతో కప్పుకున్నారు. జోగయ్య దూరంగా వెళ్ళిపోయాడు. తౌడమ్మ కనుబొమలు ముడిచి విన్నది. ఇందులో ఏముందో తెలియడం లేదని, మెల్లిగా పెట్టమని అడిగింది.

వేలితో ఎడమకి తోశాను. నలభై. ఇరవై రెండు. పద్నాలుగు. మోత విడివడి మళ్ళీ గరిటె దెబ్బ అయింది, గొలుసు అయింది, నా గొంతు అయింది. చెరిపేసిన విడుపు తెచ్చిపెట్టాను. మూడుసార్లు తిరిగింది.

ఆమె మొహం మారింది.

"ఇదా" అంది. "ఇంటికొచ్చినప్పుడల్లా కంచం మీద ఇదే కొట్టీవోడు. మా పిల్ల గెంతీది."

ఫోన్ ఆపేశాను. ఆమె లేచి చీర ఇసుక దులుపుకుంది. పొద్దు ఎక్కక ముందే బయల్దేరాలి, సాయం పట్టండి అని మాత్రం అంది.

చొక్కాతో కలిపి శవం ముగ్గురి బరువుంది. ఓడ అడుగు నుంచి మెట్లు ఎక్కించాలి. చేతులు బాగున్నవాళ్ళం ఎనిమిది మందిమి తాళ్ళు వేసి చుట్టూ నిలబడ్డాం. జోగయ్య కూడా వచ్చి కాళ్ళ దగ్గర పట్టుకున్నాడు. ఒక్కసారి అందరూ లేపకపోతే లేవదు. లేపబోయాం. ఎవరికి వాళ్ళు లాగారు, అది పక్కకి ఒరిగిపోయింది. మళ్ళీ పట్టాం. అందరూ నా వైపు చూశారు. ఈ రేవులో ఏ బరువు లేపాలన్నా పిలుపు నాదే. నోరు తెరిచాను. గొంతు రాలేదు. ఇంకోసారి ప్రయత్నించాను, గాలి తప్ప ఏమీ రాలేదు.

తౌడమ్మ కొంగు బిగించి, నా పక్కకి వచ్చి తాడు కింద భుజం పెట్టింది. నా వైపు చూడలేదు.

"ఒకటి" అంది. కాస్త ఆగి, అందరి చేతులూ చూసి, "రెండు" అంది.

మూడు అన్నప్పుడు లేపాం. ప్రతి మెట్టు దగ్గరా ఆగి, మేం ఊపిరి తీసుకునేదాకా చూసి, మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టింది. బండి మీదికి ఎక్కించేదాకా, ఇసుకలోంచి తోసి గట్టి రోడ్డు మీదికి చేర్చేదాకా ఆమే లెక్కపెట్టింది.